సగమే తిరిగిన పిడి

రోజూ బయలుదేరే ముందు నర్సు గంగారత్నం టీకాల పెట్టెలో ఐసును వేలితో నొక్కి చూస్తుంది. ఆమెకు కొత్తగా భేజ్జికి బదిలీ అయింది. కొంటా నుంచి రోజూ స్కూటీ మీద వెళ్లాలి, అదేమో గంటకు నలభై కిలోమీటర్లు దాటదు. పెట్టె పాతది. చేరేసరికి ఐసు కరిగిపోయి టీకాలు పారేయాల్సి వస్తోంది.

ఓ రోజు దారిలో ఆగితే మెకానిక్ దుర్గేశ్ ప్లగ్గు, ఫిల్టరు, బెల్టు చూశాడు. అన్నీ బాగానే ఉన్నాయి. చివరికి యాక్సిలరేటర్ పిడి విప్పితే లోపల అడ్డంగా దూర్చిన రబ్బరు ముక్క కనిపించింది.

“ఏందక్కా ఇది? పిడి సగమే తిరుగుతుంటే ఇన్నేళ్లూ తెల్వలేదా?”

“అంతే తిరుగుతదనుకున్న. బండి నేర్చుకున్నదే దీని మీద.”

నేర్పింది భర్త రాఘవులని చెప్పింది. వేగంగా పోయి పడుతుందని ఆయనే పెట్టి ఉంటాడు. ఆయన చనిపోయి ఏడాదైంది.

“గుర్తుగా ఉంచుకుంటవా అక్కా?”

“పారెయ్. ఐసు కరుగుతాంది.”

ఇప్పుడామె అరవైలో వెళ్తుంది. భేజ్జి చేరేసరికి ఐసు గట్టిగానే ఉంటుంది.