మడమతో మూడుసార్లు

మా చర్చి గంట ఆరు కొట్టకముందే ఎవాల్డ్ ఫుట్‌బాల్ మైదానానికి వచ్చేవాడు. ఎడమ గోల్ స్తంభం పక్కన కుడికాలి బూటు విప్పి, మడమతో నేలను మూడుసార్లు తట్టేవాడు. తర్వాత బోర్లా పడుకుని చెవి ఆనించేవాడు. మంచు కురిసిన రోజుల్లో, గంట కొట్టడానికి వెళుతూ నా గోనెపట్టా అతని కింద పరిచి వెళ్లేవాణ్ణి.

జర్మనీలోని మా రూర్ ప్రాంతపు ఊళ్లన్నిటి కిందలాగే ఆ మైదానం కిందా బొగ్గు గనే. ఒకసారి గని కప్పు కూలినప్పుడు అతని అన్న ఎమిల్ లోపలే ఉండిపోయాడు. తొమ్మిది రోజులు ఇనపగొట్టం మీద తట్టాడట. పదో రోజుకు చప్పుడు ఆగిందని సొరంగానికి గోడ కట్టేశారు. ఎవాల్డ్‌కు మాత్రం ఆగలేదు.

"నేను బదులివ్వకపోతే, పైన ఎవరూ లేరనుకుంటాడు," అన్నాడు నాతో ఒకసారి.

పద్దెనిమిదేళ్లు మా క్లబ్బుకు డిఫెండర్‌గా ఆడాడు. పెద్ద జట్టు పిలిచినా వెళ్లలేదు. మధ్యగీత దాటేవాడే కాదు.

"ఏరా, ఆ గీత అవతల మీ అత్తగారుందా?" అని గోల్‌కీపర్ ఓట్మార్ ఏడిపించేవాడు.

"ఉంటే ముందు నిన్నే పంపేవాణ్ణి."

ఒక ఏడాది, మా క్లబ్బు పై లీగుకు ఎక్కాల్సిన ఆట అది. ఇంకో రెండు నిమిషాలు గోల్ పడకుండా నిలబడితే చాలు. బంతి మావైపు వస్తుండగా ఎవాల్డ్ ఉన్నట్టుండి ఆగాడు. ఎదుటివాణ్ణి వదిలేసి, ఓట్మార్‌ను నడుం పట్టి పక్కకు ఈడ్చుకుపోయాడు. ఖాళీ గోల్‌లోకి బంతి దొర్లింది.

"వదలరా, పిచ్చెక్కిందా నీకు?" అంటూనే ఉన్నాడు ఓట్మార్. అతను నిలబడ్డ చోటు, ఎడమ స్తంభం, వల, బంతి అన్నీ మెల్లగా నేలలోకి దిగిపోయాయి. చప్పుడే లేదు.

"ఎవరు చెప్పార్రా నీకు?" అన్నాడు ఓట్మార్.

"అన్న రోజూ మూడే తడతాడు. ఇవాళ ఆపకుండా తట్టాడు."

ఓడినందుకు అతన్ని ఎవరూ ఒక్క మాట అనలేదు. ఓట్మార్ భార్య ఆదివారం ఆదివారం ఎవాల్డ్ గుమ్మంలో ఆలుగడ్డల సూప్ పెట్టి వెళ్లేది, తలుపు తట్టకుండా. గుంట పూడ్చి గడ్డి వేశారు. ఎవాల్డ్ మళ్లీ అక్కడికే వెళ్లాడు, ముసలితనం దాకా.

అతను ఊపిరాడక మంచం పట్టిన చలికాలం, పక్కన కూర్చుని ప్రార్థన చేసి నేను లేస్తుంటే నా మణికట్టు పట్టుకున్నాడు.

"రోజూ ఆ దారినేగా నువ్వు పోతావు. మూడుసార్లు తట్టిరా తమ్ముడూ."

"నాకేమీ వినబడదేమో అన్నా."

"నీకెందుకు, ఎమిల్‌కు వినబడితే చాలు. బూటు మాత్రం విప్పు. లేకపోతే పరాయివాడనుకుంటాడు."