ఎడమ తొడ దగ్గర రెండు వేళ్ల మందం

ఆ రేసింగ్ టీముకి పేరు నాలుగుసార్లు మారింది, కార్ల రంగు అయిదుసార్లు మారింది, యజమానులు ఎంతమంది మారారో ఆ యజమానులకే తెలియాలి. సీట్లాయన మాత్రం షెడ్డు వెనక గదిలోంచి కదల్లేదు. అంతకుముందు సోఫాలు కుట్టుకునేవాడు. టీములో చేరాక పని ఒకటే. కారులో ప్లాస్టిక్ సంచీ పరిచి, అందులో రెండు మందులు కలిపి పోసి, పైన డ్రైవర్ని కూర్చోబెట్టాలి. ఆ మందు పొంగి, వేడెక్కి, పావుగంటలో అతని ఒంటికి అచ్చంగా సరిపోయే సీటుగా గట్టిపడుతుంది. "కదిలావో, ఏడాదంతా వంకరగానే కూర్చుంటావు" అని అందరినీ ఒకేలా బెదిరించేవాడు.

పాత సీట్లు అటక మీద ఉండేవి. టీము చరిత్ర కావాలంటే అక్కడే చూసుకోవాలి. మొదటి డ్రైవరు సీట్లో ఈ కాలపు డ్రైవర్లు ఇద్దరు పడతారు. నవ్వాపుకోలేని ఒకాయన సీటు భుజాల దగ్గర గతుకుల రోడ్డులా ఉంటుంది. పుర్రెకో బుద్ధి అంటారు గానీ, వీపుకో బుద్ధి అనేవాడు సీట్లాయన.

తొమ్మిదో వీపు ఆయన చెల్లెలి భర్తది. ఓ ఏడాది అతనికి సీటు పోసి చూస్తే, కుడి తొడ లోతుగా దిగింది, ఎడమది పైపైనే ఉంది.

"ఏంటి బావా, ఎడం వైపు బరువే పెట్టలేదు?"

"తిమ్మిరి బావా. కాసేపుంటుంది, పోతుంది."

"రేసు కారులో బ్రేకు తొక్కేది ఎడమ కాలే కదయ్యా! డాక్టరుకి చెప్పు."

"చెబితే ఈ ఏడాది ఇంట్లో కూర్చోబెడతారు. నువ్వే ఏదో ఒకటి సర్దు. మీ చెల్లెలికి మాత్రం చెప్పకు."

సీట్లాయన సర్దాడు. కాలు జారకుండా ఎడమ తొడ పక్కన రెండు వేళ్ల మందం స్పాంజి అంటించాడు. స్పేర్ కారు సీటుకి కూడా అంటించాడు. అయిదో రేసులో కారు మలుపు దగ్గర ఆగకుండా నేరుగా గోడకి కొట్టుకుంది.

కారు నుజ్జునుజ్జయింది, అందులో తేలేదేమీ లేదు. ముందు టైరు పేలి ఉంది కాబట్టి, టైర్ల మేస్త్రీ గాలి తక్కువ కొట్టాడని తేల్చి అతన్ని పంపేశారు. సీట్లాయన కుక్కిన పేనులా ఉండిపోయాడు. బావ అంత్యక్రియల్లో ఆయన కంట తడి లేకపోతే, గుండె నిబ్బరం గలవాడన్నారు. నిబ్బరమూ కాదు, పాడూ కాదు. ఆయనకేమీ అనిపించలేదు, అంతే. ఎనిమిదేళ్లు తిన్నాడు, పడుకున్నాడు, సీట్లు పోశాడు.

టీముకి ముప్పై ఏళ్లు నిండుతున్నాయని పుస్తకం వేయబోయారు. రాసే అమ్మాయి వచ్చి ఆ ప్రమాదం గురించిన పేజీ చదివి వినిపించింది. 'టైర్ల మేస్త్రీ పొరపాటు వల్ల' అని ఉంది.

"మీరు ఊఁ అంటే అచ్చుకి వెళ్లిపోతుందండీ."

ముప్పై ఏళ్లలో ఎన్నింటికి ఊఁ కొట్టాడో ఆయన. ఈ ఒక్కటీ గొంతు దాటలేదు.

"రెండ్రోజులు ఆగమ్మా" అన్నాడు.

ఆ సాయంత్రం అటక మీంచి స్పేర్ కారు సీటు దింపి, భుజాన వేసుకుని చెల్లెలింటికి వెళ్లాడు. ఆమె దాన్ని ముందు గదిలో నేల మీద పెట్టించి, వీపు పొడుగునా నిదానంగా చెయ్యి రాసింది. ఆ చెయ్యి ఎడమ తొడ దగ్గర ఆగింది.

"ఇదేంటన్నయ్యా?"

చెప్పాడు. ఆమె అక్కణ్ణుంచి చెయ్యి తీయకుండానే అడిగింది.

"నాకు తెలిస్తే ఆయన్ని కారెక్కనిచ్చేదాన్నా?"

"ఎక్కనిచ్చేదానివి కాదు."

"అందుకే చెప్పలేదు."

"అందుకేనమ్మా."

ఆమె లేచి చెప్పులేసుకుంది. "సీటు పట్టుకుని రా. ఎనిమిదేళ్ల నుంచీ ఆ మేస్త్రీ ఎదురైతే రోడ్డు దాటి అవతల నడిచాను."

మేస్త్రీ ఇప్పుడు సందు మొదట్లో సైకిళ్లకి పంక్చర్లు వేస్తున్నాడు. నీళ్ల తొట్టిలో ట్యూబు ముంచి బుడగలు చూస్తూనే అంతా విన్నాడు. తర్వాత సీటు వైపు చూశాడు.

"మీరెందుకో పొరబడుతున్నారండీ. తప్పు నాదే" అన్నాడు. "మొదట్లో కాదనే అనుకున్నా. అందరూ అనగా అనగా, ఇప్పుడు నాకే బాగా గుర్తొస్తోంది. గాలి తక్కువే కొట్టాను. గాలి కొలిచే గేజీలో ముల్లు ఎక్కడుందో కూడా కళ్లకి కడుతోంది."

ఎనిమిదేళ్లలో మొదటిసారి సీట్లాయనకి ఏడుపొచ్చింది. మేస్త్రీ తడిచెయ్యి లాక్కుని, సీట్లో ఎడమ తొడ దగ్గర అదిమి పెట్టాడు.

"ఇది నేను అంటించిందయ్యా. నేను! ఆ ముల్లు సరిగ్గానే ఉంది!"

మేస్త్రీ కాసేపు ఆయన మాట కాదనలేక చెయ్యి అక్కడే ఉంచాడు. "సరేనండీ" అన్నాడు. చెయ్యి తుడుచుకుని, గాలి కొట్టి పక్కన పెట్టిన సైకిలు దగ్గరికెళ్లి, గేజీ పెట్టి చూశాడు. తీసి, మళ్లీ పెట్టి చూశాడు.