ఆదోని గోడలో పళ్లెం, ఎమ్మిగనూరులో జాడీ

పాత జపాను పింగాణీ పోగుచేసే పిచ్చి నాకెట్లా పట్టిందని అనంతపురంలో అందరూ అడుగుతుంటారు. బొంబాయిలో ఒక పెద్దమనిషి ఇంట్లో నీలం, ఎరుపు, బంగారు రంగుల్లో పూలు రాసిన పళ్లెం చూశాను. అంతే, అప్పటినుంచి జీతంలో మిగిలేదంతా దానికే. మా ఆవిడ ఆ అద్దాల బీరువాను సవతి అని పిలుస్తుంది. ఈ మధ్య గుంతకల్లులో ఒక పత్తి బ్రోకరు మాటల్లో మాటగా, యుద్ధానికి ముందు ఆదోనిలో ఒక జపాను కంపెనీ ఏజెంటు పత్తి కొంటూ సంసారంతో ఉండేవాడనీ, వెళ్లిపోయేటప్పుడు ఇంటి సామాను తన మున్షీకి వదిలేశాడనీ చెప్పాడు. ఇంకేం కావాలి? మరుసటి ఆదివారం బయల్దేరాను.

గుంతకల్లు నుంచి రాయచూరు వైపు పోయే ఉదయం బండి పది గంటలకల్లా ఆదోని చేరుస్తుందని టైంటేబిల్ అంటుంది. నమ్మకండి. పత్తి బేళ్ల గూడ్సుకు దారి ఇస్తూ దారి పొడుగునా ఆగి, ఎండ మాడు మీదికి వచ్చాక దించింది. స్టేషను బయట ఖాసిం అనే జట్కావాడు దొరికాడు. బేరం ఎనిమిదణాలకు కుదిరింది. నేను చేసిన తప్పల్లా పాత జపాను సామాను కోసం వచ్చానని అతనితో అనడమే.

"జపాన్ సామానా? ముందే సెప్పకూడదా అప్పా! ఎక్కు, సూపిస్తా."

తీసుకుపోయి ఒక గాజుల అంగడి ముందు నిలబెట్టాడు. సెల్యులాయిడ్ బొమ్మలు, రేకు ఈలలు, అడుగున ముద్ర వేసిన చవక టీ కప్పులు. ఇవి కావయ్యా, పాతవి కావాలి అన్నాను. అంగడాయన నన్ను జాలిగా చూశాడు. "పాతవి ఎవురికి గావాల సార్? ఇవి ఇంగా డబ్బా ఇప్పని మాలు." అక్కడినుంచి ఇంకో అంగడి, మళ్లీ అవే బొమ్మలు. మూడో అంగడి ముందు జట్కా ఆగేసరికి నాకు ఓపిక పోయింది. "జపాను దొర దగ్గర పనిచేసిన మున్షీ సాహెబు ఇల్లు తెలుసా, తెలియదా?" అని అరిచాను.

"మున్షీ సాయిబు ఇల్లా? ఆ మాట మొదులే సెప్పింటే టేసను పక్క సందే గదప్పా!" అని ఖాసిం నవ్వుతూ గుర్రాన్ని వెనక్కి తిప్పాడు. తిరుగుదారికి ఇంకో నాలుగణాలు తీసుకున్నాడు కూడా.

మున్షీ పోయి చాలా కాలమైందట. ఆయన కొడుకు రహీం సాహెబు దూది ఏకి పరుపులు కుట్టిస్తాడు. నన్ను కూర్చోబెట్టి, వచ్చిన పని విని, వాకిలి పైకి వేలు చూపించాడు. తలెత్తి చూశాను. గుమ్మం మీద, గచ్చులో సగం దాకా కూరుకుపోయి, నేను బొంబాయిలో చూసినదానికంటే పెద్ద పళ్లెం! ఏటా రంజానుకు సున్నం కొట్టేవాడు దాని మీద కూడా ఒక చేయి వేసి పోతున్నాడు. స్టూలెక్కి కండువా తడిపి రుద్దితే, ఒక మూల ఎర్రటి చామంతి రెక్కలు బయటపడ్డాయి. నూటయాభై ఏళ్ల పనితనం.

"దిష్టికని మా నాయన పెట్టించినాడు సార్. పీకితే గోడా పోతాది, పళ్లెమూ పోతాది," అన్నాడు రహీం, పెనం మీద రొట్టె మాడింది అన్నంత తేలిగ్గా. మిగతావి ఏమైనాయని అడిగితే పిల్లలు పగలగొట్టినారన్నాడు. "జాడీ ఒకటి మాత్రం మా అక్క ఖైరున్‌బీ ఎమ్మిగనూరికి తీసకపోయింది. అన్నం తిని పోదురు, కూసోండి."

వద్దన్నా వినలేదు. తినేసరికి ఒంటిగంట బస్సు పోయింది. తర్వాతిది కోడుమూరు మీదుగా కర్నూలు పోయే బస్సు. ఎమ్మిగనూరికి పన్నెండణాల టిక్కెట్టు. ఊరు దాటగానే పత్తిబండ్ల వరుస రోడ్డంతా ఆక్రమించి ఉంది. హారన్ కొట్టవయ్యా అంటే, డ్రైవరు బీడీ వెలిగించుకుని, "కొడితే ఎద్దులు బెదుర్తాయి. బెదిరితే మన బస్సు గుంతలో ఉంటాది. నీకేం తొందర సార్, పెండ్లా?" అన్నాడు. పైన మేకలు, కింద వేరుశనగ మూటలు, మధ్యలో నేను.

ఎమ్మిగనూరులో మగ్గాల చప్పుడు వినబడే వీధిలో ఖైరున్‌బీ ఇల్లు. యాభై దగ్గర పడ్డ మనిషి, గడప మీద కూర్చుని వక్కలు కత్తిరించుకుంటోంది. లోపల గూట్లో జాడీ కనబడుతూనే ఉంది. నీలి కొంగలు, బంగారు మబ్బులు, ఒక్క బీట లేదు. నిండా మామిడికాయ ఊరగాయ! నూనె ఓడి కొంగల కాళ్లన్నీ జిడ్డు. ఎలాగో తమాయించుకుని, జాడీ అమ్ముతావా అమ్మా అని అడిగాను.

ఆమె వక్క కత్తిరిస్తూనే, "జపాన్ సంగతులు నీకు తెలుసునా నాయనా?" అంది.

తెలుసన్నాను. ఏ రంగు ఏ కాలం నాటిదో, ఏ మట్టి ఏ కొండదో తెలుసన్నాను. మళ్లీ జాడీ మాట ఎత్తాను. ఆమె మళ్లీ, "కోబె ఊరు తెలుసునా?" అంది. రేవు పట్నం అన్నాను. ఇదేం వరస, నేనొకటి అడిగితే ఆమె ఒకటి అడుగుతుందని విసుక్కుంటూనే, ఆమె నడుముకు వేలాడే వక్కల తిత్తి వైపు చూశాను. తిత్తి జారకుండా తాడు కొసకు కట్టి నడుము కొంగు పైన నిలిపినది గుండీ కాదు. పడుకున్న కుక్క! పేము రంగుకు తిరిగిన గట్టి చెక్క, బొటనవేలంత. జపాను మగవాళ్లు నడికట్టుకు పొగాకు తిత్తి వేలాడదీసుకునేందుకు వాడే చెక్కడపు బిళ్ల. అక్కడ కుక్క బొమ్మ సుఖప్రసవానికి గుర్తు కూడా. చేయి చాచాను. ఆమె చప్పున గుప్పిట మూసింది.

"ఇది మాత్రం అడగొద్దు. ఆ జపాన్ దొరసానికి పాప పుట్టినాక పాలు పడలేదు. నా బిడ్డ పురిట్లోనే పోయినాడు. మా నాయన నన్ను బంగళాకు తోడకపోయి ఆ పాపను నా ఒళ్లో పెట్టినాడు. రెండేండ్లు తాగింది. హనా అని పేరు. నేను హనాబీ అని పిలిస్తే పలికేది. పోయే దినం దొరసాని ఇది నా చేతిలో పెట్టి ఏడ్సింది." ఆమె గుప్పిట విప్పి కుక్కను కొంగుతో తుడిచింది. "వాళ్ల కోబె ఊరి మీద బాంబులు పడినాయంట గదా. పాప ఉండాదా నాయనా?"

కోబె మీద బాంబులు పడిన సంగతి నేను పత్రికల్లో చదివినవాణ్ణే. అయినా తెలియదమ్మా అన్నాను. ఆమె లేచి ఊరగాయను వేరే కుండలోకి వంచి, జాడీ కడిగి, తుడిచి, నా చేతుల్లో పెట్టింది. "దుడ్లు వద్దు. నువ్వు ఆ దేశపోళ్లతో మాట్లాడేవాడివి. కనుక్కో." ఆ దేశంలో నాకొక్క మనిషీ తెలియదని చెప్పాను. ఆమె వినలేదు. జాడీ ఇంకా తడిగా ఉంది. దాన్ని తిరిగి గూట్లో పెట్టేశాను. ఎందుకు పెట్టావయ్యా అంటే చెప్పలేను. బస్సెక్కి కూర్చున్నాక, మళ్లీ ఆ పత్తిబండ్ల వెనకే పాకుతున్నంతసేపూ, నన్ను నేనే నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను.

ఇంటికొచ్చాక బీరువా తెరిస్తే, ఇన్నేళ్లలో మొదటిసారి, ఈ పళ్లేల్లో ఎవరు అన్నం తిన్నారో అనిపించింది. బొంబాయిలో జపానుకు పత్తి పంపే వర్తకుడొకరికి ఉత్తరం రాశాను. ఆ ఏజెంటు ఇంటిపేరు చెప్పమని జవాబు వచ్చింది. ఇంటిపేరు ఖైరున్‌బీకి తెలియదు, రహీంకు తెలియదు. ఇంటిపేరు లేకుండానే మళ్లీ రాశాను.

మీరు ఆ వైపు పోతే, ఆదోనిలో ఎవరేం పెట్టినా తినకుండా ఒంటిగంట బస్సు పట్టుకోండి, లేదంటే చీకటి పడేలోగా తిరిగి రాలేరు. కోబె వెళ్లేవాళ్లెవరైనా ఉంటే మాత్రం, ఆదోనిలో పుట్టిన, ఇప్పుడు ఇరవై ఏళ్లుండే హనా అనే అమ్మాయి కోసం అడగండి. పాలిచ్చిన తల్లి ఎమ్మిగనూరులో ఉందని చెప్పండి.