లాంగ్ కేస్‌లో కదిలిన పెదవులు

దయ్యాల సంగతి ఎవరైనా ఎత్తితే నాకు చిర్రెత్తుకొస్తుంది. డిసెక్షన్ హాల్లో శవాల పక్కన కూర్చుని టిఫిన్ డబ్బా ఖాళీ చేసినదాన్ని. అయినా తొంభైల మధ్యలో సూరత్‌లో నాకు జరిగినదాన్ని మాత్రం కొట్టిపారేయలేను.

మాది కరీంనగర్ వైపు నుంచి వచ్చిన నేత కుటుంబం. సూరత్‌లోని ఉధ్నాలో మా నాన్న, అంటే బాపు, సాంచాలు అనే మరమగ్గాలు నడిపే షెడ్డును ఆనుకునే మా గది. ఆ మోతలో మాట వినపడదు కాబట్టి అక్కడ అందరూ గొంతు లేకుండా పెదవులతోనే మాట్లాడుకుంటారు. నాకది నడకతో పాటే వచ్చింది.

ఆ మోతే నా చెవులను కొంత తినేసిందని మెడిసిన్‌లో చేరాక తెలిసింది. స్టెతస్కోప్ పెట్టినా గుండెలోని సన్నటి చప్పుళ్లు నాకు అందవు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, బాపుకైతే అసలే చెప్పలేదు. తన పని వల్లే ఇలా అయిందని కుమిలిపోతాడని భయం.

ఫైనల్ ప్రాక్టికల్స్ మొదటిసారి అందుకే తప్పాను. పుస్తకం మొత్తం నోటికొచ్చినా ఆ పరీక్ష పాసైతేనే డాక్టరుగా రిజిస్ట్రేషన్. రెండోసారీ పోతే చదువు మానేద్దామని నాలో నేనే తీర్మానించుకున్నాను.

రెండోసారి లాంగ్ కేస్‌గా, అంటే గంటసేపు పరీక్షించి జబ్బు చెప్పాల్సిన రోగిగా, డుమస్ నుంచి వచ్చిన ఒక గుజరాతీ ఆమె పడింది. నలభై ఏళ్లుంటాయి. మెట్లెక్కితే ఆయాసం అంది. గుండె జబ్బని తెలుస్తోంది, ఏ కవాటమో తేల్చాలి. స్టెతస్కోప్ పెట్టాను. మళ్లీ పెట్టాను. దూది మూటకు చెవి ఆనించినట్టే ఉంది. పది నిమిషాలే మిగిలాయి. 

తలెత్తితే ఆమె పెదవులు కదులుతున్నాయి. కళ్లు మూసుకునే ఉంది, శబ్దం లేదు. ఆ పెదవుల మీద నేను చదివింది తెలుగు.

"చెవిని ఇడిసిపెట్టు బిడ్డా. ఎడమ దిక్కు తిప్పి, చెయ్యి పెట్టి సూడు."

ఒళ్లు జలదరించింది. అయినా ఆమెను ఎడమ పక్కకు తిప్పి అరచేయి ఆనించాను. గుండె కొన దగ్గర సన్నటి అదురు చేతికి స్పష్టంగా తగిలింది. మైట్రల్ కవాటం ఇరుకైందని ఎగ్జామినర్‌కు చెప్పాను. ఆయన కూడా చేయి పెట్టి చూసి తలూపాడు.

తర్వాత ఆమె దగ్గరకు వెళ్లి, ఇందాక ఏమన్నారని హిందీలో అడిగాను. "మై తో కుఛ్ నహీ బోలీ, బహెన్" అంది, తానేమీ అననే లేదని. తెలుగనే భాష ఒకటుందని కూడా ఆమెకు తెలియదు.

మధ్యాహ్నం ఇంటికి వెళ్లేసరికి బాపు గడప మీద కూర్చుని ఉన్నాడు. నేనింకా చెప్పులైనా విప్పలేదు.

"చెయ్యి పెడితె దొరికిందా?" అన్నాడు.

ఆయన నా ముఖం చూడకుండా అన్నాడు: "నీకు సక్కగ ఇనరాదని నాకు ఎన్నడో ఎరుకే బిడ్డా. నా సాంచాల మోతనే నీ చెవులు గుంజుకున్నది. పొద్దుగాల సాంచా కాడ నిలవడి నీతోనే మాట్లాడిన."

నేను పాసయ్యాను. ఆ పెదవుల కదలిక భయంలో నా మెదడు పుట్టించిన భ్రమ అని ఎన్నోసార్లు నాకు నేనే చెప్పుకున్నాను. మరి బాపు ఆ ప్రశ్న ఎలా అడిగాడో నాకు ఈ రోజుకీ తెలియదు. ఆ మధ్యాహ్నం మాత్రం ఆయన పక్కన గడప మీద కూలబడి, ఇన్నేళ్లు దాచినందుకు సిగ్గుపడి ఏడ్చాను.