పొయ్యి ఆరితే తిరిగే ఫ్యాన్

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. చేతిలో సోల్డరింగ్ ఐరనూ, ఫోన్‌లో ఓ వీడియో ఉంటే చాలు, లోకంలో బాగుపడని వస్తువంటూ ఉండదని. పాలిటెక్నిక్ ఆఖరి సంవత్సరం. చదువు రాజమండ్రిలో, తిండీ పడకా ఆత్రేయపురం దగ్గర మా మేనత్త ఇంట్లో. అత్తయ్య పూతరేకులు తీసేది. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకులు మండుతుంటే, పల్చటి పిండిలో ముంచిన గుడ్డను కుండ మీద ఒక్కసారి లాగడం, ఉల్లిపొరలాంటి రేకును ఊడదీసి పక్కన పేర్చడం. పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం దాకా ఇదే పని. మొహం కందిపోయేది, జాకెట్టు తడిసి వీపుకు అంటుకుపోయేది. (నేనేమో ఆ చెమటతో వచ్చిన అన్నమే తింటూ, పప్పులో ఉప్పు తక్కువైందని వంకలు పెట్టేవాణ్ణి.) ఆవిడకు కాస్త గాలి తగిలేలా చెయ్యాలని నాకు నిజంగానే ఉండేది. కాలేజీలో ఎలాగూ ప్రాజెక్టు చెయ్యాలి కనుక, వేడి పెరిగేకొద్దీ జోరుగా, తగ్గేకొద్దీ నెమ్మదిగా తిరిగే ఫ్యాన్ తయారుచేస్తానని ఇంట్లో ప్రకటించేశాను.

అటక మీది పాత టేబుల్ ఫ్యాన్ దించాను. సబ్బుపెట్టెలో సర్క్యూట్ బిగించి, వేడిని పసిగట్టే మిరియపు గింజంత పూసను (థర్మిస్టర్ అంటారు దాన్ని) తీగతో లాగి కుండ పక్కన వేలాడదీశాను. ఫ్యాన్‌ను అత్తయ్య వీపు వెనక పెట్టాను. అత్తయ్య సబ్బుపెట్టెకు పసుపు రాసి బొట్టు పెట్టింది. స్విచ్ వెయ్యగానే ఫ్యాన్ రివ్వుమంది. అత్తయ్య మురిసిపోయి కొబ్బరాకులు అంటించింది. కుండ వేడెక్కేసరికి ఫ్యాన్ నీరసించి, ఓసారి మూలిగి, ఆగిపోయింది. మంట తగ్గాక మళ్ళీ హుషారుగా తిరగడం మొదలెట్టింది. గుమ్మంలో నిలబడి చూస్తున్న మావయ్య, "ఏంటల్లుడూ, పని మొదలవగానే పడుకుంటోందేంటి? అచ్చం నీ పోలికే!" అన్నాడు.

"ఊరుకోండి, పిల్లాడు కష్టపడి చేశాడు. నాకు బానే ఉందిరా అబ్బాయ్, అలా వదిలెయ్," అంది అత్తయ్య. అది జాలి అనుకున్నాను. నా మీద ఎవరైనా జాలిపడితే నాకు ఒళ్ళు మండేది. ఇక ఆ సర్క్యూట్ వెంట పడ్డాను. బస్సెక్కి రాజమండ్రి వెళ్ళి కొత్త ట్రాన్సిస్టర్ తెచ్చాను. అదీ పాతదాని అడుగుజాడల్లోనే నడిచింది. అతుకులన్నీ ఊడదీసి మళ్ళీ అతికాను. ఏమీ తోచక ఇంటికొచ్చే కరెంటునే అనుమానించాను. పూసను వేళ్ళతో పట్టుకుంటే ఫ్యాన్ నెమ్మదించేది, వదిలితే పరుగెత్తేది. నేను ఇలా తంటాలు పడుతుంటే, మంట తగ్గినప్పుడల్లా అత్తయ్య రేకుల మీద బుట్ట బోర్లించి, ఫ్యాన్ ముందు తీరిగ్గా కూర్చోవడం నా కంట పడనేలేదు.

ఇంతలో పక్కవీధి పెద్దాయన వచ్చి, తన మనవరాలి పెళ్ళి సారెలోకి పూతరేకులు అడిగారు. మర్నాడు పొద్దున్నే సారె బయల్దేరాలి. అత్తయ్య చీకటితో లేచి రేకులు తీస్తోంది, పక్కన దొంతర మోకాలి ఎత్తుకు వచ్చేసింది. సరిగ్గా ఆ రోజే, వీధి అరుగు మీద కూర్చుని తీగ తీగా వెతుకుతుంటే నాకు తప్పు దొరికింది. పూస ఉండాల్సిన చోట కరెంటుకు అడ్డుపడే రెసిస్టర్ పెట్టి, రెసిస్టర్ ఉండాల్సిన చోట పూస పెట్టాను. అందుకే అంతా తలకిందులుగా నడిచింది! రెండింటినీ మార్చి అతికి, సబ్బుపెట్టె పట్టుకుని లోపలికి పరుగెత్తాను. "అత్తయ్యా, ఇప్పుడు చూడు!" అంటూ పూసను కుండ పక్కన వేలాడదీసి ప్లగ్గు పెట్టాను.

కుండ నిప్పులా కాలుతోంది. ఫ్యాన్ ఒక్కసారిగా పూర్తి జోరందుకుంది. దొంతర పైనుంచి రేకులు ఒకదాని వెనక ఒకటి లేచాయి. కొన్ని దూలాలకు అంటుకున్నాయి, కొన్ని మావయ్య నెత్తిన వాలాయి, మిగతావి గుమ్మం దాటి పెరట్లో గేదె ముందు పడ్డాయి. మావయ్య పట్టుకున్న రేకు పట్టుకున్నట్టే పొడైపోయింది. సరిగ్గా అప్పుడే పెద్దాయన లోపలికొచ్చి, భుజం మీద వాలిన రేకును చూసుకుని, "ఏంటండీ, సారె మాకంటే ముందే బయల్దేరిపోయిందా?" అన్నారు. రేకులు తీసే ఏ ఇంట్లోనూ కుండ దగ్గర ఫ్యాన్ ఎందుకుండదో నాకప్పుడు తెలిసింది. గాలి ఆవిడ వీపు దగ్గరే ఆగిపోతుందనుకున్న నా మహా తెలివిని ఇన్నాళ్ళూ ఆ తప్పుడు సర్క్యూటే కాపాడుతూ వచ్చింది.

అత్తయ్య తిడుతుందనుకున్నాను. ఆవిడ పిండి గిన్నెను దగ్గరికి లాక్కుని, "పిండింకా ఉంది. మీ సారె ఆగదు లెండి," అని పెద్దాయన్ని పంపించి, నా వైపు తిరిగింది. "నువ్వు ముందు దాన్ని మళ్ళీ పాడుచెయ్యి నాన్నా," అంది.

పూసనూ రెసిస్టర్‌నూ మళ్ళీ తారుమారు చేసి పాడుచేశాను. సాయంత్రం దాకా ఆవిడ పక్కనే కూర్చుని కొబ్బరాకులు అందించాను. ఆ సెగ ఎలా ఉంటుందో మొదటిసారి నా మొహానికి తెలిసింది. మంట తగ్గినప్పుడల్లా ఫ్యాన్ తిరిగేది, రేకుల మీద బుట్ట బోర్లించి ఇద్దరం కాసేపు దానికి వీపులు అప్పగించేవాళ్ళం. "ఇదివరకు మంట తగ్గితే వెంటనే ఆకు తోసేసేదాన్నిరా. ఇప్పుడు ఫ్యాన్ తిరుగుతోంది కదా అని కాస్త కూర్చుంటున్నాను. అందుకే బానే ఉందన్నాను," అంది అత్తయ్య. మర్నాడు సారె వేళకే వెళ్ళింది.

కాలేజీ కోసం సరిగ్గా పనిచేసే ఫ్యాన్ ఇంకోటి చేశాను. మార్కులు దానికే వచ్చాయి, అదిప్పుడు ఎక్కడుందో తెలియదు. నేనిప్పుడు కంప్యూటర్లు వేడెక్కకుండా చూసే ఉద్యోగంలో ఉన్నాను. అక్కడ ఫ్యాన్లన్నీ బుద్ధిగా, వేడికి తగ్గట్టే తిరుగుతాయి. మొన్న ఊరెళ్ళినప్పుడు అత్తయ్య కూర్చునే చోటు వెనక ఆ పాత ఫ్యానూ, పసుపు మాసిన సబ్బుపెట్టే అలాగే ఉన్నాయి. "కొత్తది తెస్తాను అత్తయ్యా, ఇప్పుడు మంచివి వచ్చాయి," అన్నాను. "వద్దురా, మంచిదైతే నన్ను కూర్చోనివ్వదు," అంది. లోకంలో బాగుపడని వస్తువుండదని నమ్మిన ఆ కుర్రాడు గుర్తొచ్చి నవ్వుకున్నాను. ఇంతలో మంట తగ్గింది, ఫ్యాన్ మెల్లగా కదిలింది. అత్తయ్య కాస్త పక్కకు జరిగి నాకు చోటిచ్చింది.