అన్న ఇచ్చిన శ్రుతి

పెళ్లికి వెళ్లి వేడివేడి బిర్యానీ తిన్న జ్ఞాపకం మా నలుగురిలో ఒక్కరికీ లేదు. జనం తినేటప్పుడు మేం వాయించాలి. మేం తినే వేళకు గిన్నెల అడుగున బిర్యానీ ఆకులే మిగిలేవి. అన్నా నేనూ వయొలిన్. చెల్లెది వియోలా, చూడటానికి వయొలిన్ లాగే ఉంటుంది కానీ గొంతు కాస్త బొంగురు. తమ్ముడిది చెల్లో, దాదాపు మనిషంత ఉంటుంది. నాన్న నేర్పిన ఈ పాశ్చాత్య సంగీతం పట్టుకుని, నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో తోబుట్టువులం నలుగురం ఇన్నేళ్లు నెట్టుకొచ్చామంటే ఎవరూ నమ్మరు. "గది సరే, పనేం చేస్తరు?" అని అడుగుతారు.

చెల్లోను ఆటోలో ఎక్కించేసరికి తలప్రాణం తోకకొస్తుంది. ఆదివారమైతే మరీ కష్టం. అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పరిచిన పుస్తకాలు తొక్కకుండా, దాన్ని ఇద్దరం మోసుకుంటూ నడవాలి. "లోపల మనిషున్నడా ఏంది?" అని ఓ పుస్తకాలాయన అడిగాడు. ఇక రిసెప్షన్లలో పెళ్లికొడుకు మేనమామలు ఊరుకోరు. "జర హుషారుగ కొట్టున్రి, సావింటికి వచ్చినట్టున్నది" అని ఒకాయన స్టేజీ ఎక్కి మరీ చెప్పి పోయాడు.

ఇవన్నీ భరించొచ్చు. భరించలేనిది మా అన్నను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. వాయించే ముందు అన్న తన వయొలిన్ మీద 'ఏ' అనే స్వరం పలికించాలి, మేం ముగ్గురం మా తీగలు దానికి కలుపుకోవాలి. అది మా నాన్న పెట్టిన నియమం. ఇంట్లో పెద్దవాడి శ్రుతే శ్రుతి, దానికి ఎదురు లేదు. తమ్ముడు ఒకసారి శ్రుతి చూసే యాప్ తెరిస్తే, "చెవులు అమ్ముకున్నవారా?" అని ఫోను బోర్లా పెట్టించాడు.

రెండేళ్లుగా ఆ శ్రుతి దిగిపోతోంది. ఎక్కువేం కాదు, వెంట్రుకవాసి. కానీ దిగింది. మేం ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకుని, నోరు మెదపకుండా మా తీగలు కూడా దించేసుకునేవాళ్లం. నలుగురం కలిసి దిగితే వినేవాళ్లకు తెలిసే ప్రమాదం లేదు. అన్నకు చెవులు పోతున్నాయని మాకు తెలుసు. ఆ మాట అంటే వయొలిన్ పెట్టెలో పెట్టేసి మళ్లీ తీయడనీ తెలుసు. పెళ్లీ గిళ్లీ లేని మనిషికి ఉన్నదల్లా అదొక్కటే. అన్న ఇంటికి వెళ్లాక మేం ముగ్గురం మొజంజాహీ మార్కెట్లో ఐస్‌క్రీం తింటూ, పిల్లి మెడలో గంట ఎవరు కట్టాలో తేల్చుకుందామని కూర్చునేవాళ్లం. ఐస్‌క్రీం అయిపోయేది, మాట తేలేది కాదు.

పోయిన క్రిస్మస్ ముందు అబిడ్స్‌లో ఒక చర్చి హాల్లో ప్రోగ్రాం ఒప్పుకున్నాం. ఈసారి మాతో పియానో ఉంది. మనుషులు మొహమాటానికి దిగుతారు కానీ పియానో దిగదు కదా. ఈ సంగతి మా ముగ్గురిలో ఒక్కరికైనా ముందే తట్టాలా వద్దా? తట్టలేదు.

మధ్యాహ్నం రిహార్సల్లో పియానో, మేమూ కలిసి మొదలుపెట్టగానే పళ్లు జివ్వుమన్నాయి. అన్న విల్లు దించి, "పియానో ఖరాబైంది" అన్నాడు.

"పొద్దున్నే శ్రుతి చేయించామండీ" అంది పియానో వాయించే అమ్మాయి.

"చేసినోనికి రానట్టుంది. మళ్ల పిలువున్రి."

ఆ అమ్మాయి మా వైపు తిరిగి, "మీకూ అలాగే వినిపిస్తోందా?" అంది.

తమ్ముడు చెల్లోను దీక్షగా తుడవడం మొదలుపెట్టాడు. చెల్లె నీళ్ల సీసా మూత తిప్పుతోంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంట్లో ఏ చేదు మాటైనా నా నోటితోనే రావాలా?

"పియానో మంచిగనే ఉన్నదన్నా. నీ శ్రుతే దిగింది" అన్నాను.

"నాది దిగితే మీయి ఎట్ల కలుస్తయే?"

"మేం గూడ దించుకుంటున్నం."

"ఎప్పటిసంది?"

"రెండేండ్లాయె."

అరుస్తాడనుకున్నాను. కుర్చీలో కూర్చున్నాడు.

"నిరుడు దవాఖానకు పోయిన" అన్నాడు చివరికి. "చెవులు పోతున్నయ్, మెషిన్ పెట్టుకోమన్నడు డాక్టర్. నేను నమ్మలే. ఇంటికొచ్చి 'ఏ' ఇచ్చిన. ముగ్గురికి ముగ్గురు టక్కున కలిసిన్రు. డాక్టర్‌కేం తెల్సు, నా చెవులు మంచిగనే ఉన్నయ్ అనుకున్న. మళ్ల ఆ దిక్కు పోలే."

ఏడుపొచ్చింది నాకు, కానీ దానికంటే ముందు కోపమొచ్చింది. మాకెవరికీ చెప్పకుండా ఒక్కడే దవాఖానకు పోయినందుకు అన్న మీద, ఆ దిక్కుమాలిన నియమం పెట్టినందుకు చనిపోయిన నాన్న మీద, ఇంకా తలెత్తని ఆ ఇద్దరి మీద. మర్యాద, మర్యాద అంటూ మనిషిని వైద్యానికి దూరం చేశాం.

హాల్లో కుర్చీలు వేస్తున్నారు. సాయంత్రం జనం వస్తారు. అన్న వయొలిన్ పెట్టె మూత తీసి ఉంది. అందులో పెట్టేసి ఇంటికి పోతాడనే అనుకున్నాను. అన్న వయొలిన్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. చిన్నప్పటినుంచి మాలో ఎవరినీ దాన్ని ముట్టనిచ్చినవాడు కాదు.

"జర నువ్వే కలుపు" అన్నాడు.

పియానో అమ్మాయి 'ఏ' నొక్కి పట్టుకుంది. అన్న తీగలు ఒక్కొక్కటే పైకి బిగించి తిరిగి ఇచ్చాను. తర్వాత మేం ముగ్గురం మావి కలుపుకున్నాం. అన్న విల్లు పెట్టి ఒకసారి మెల్లగా లాగాడు, నా మొహం మీంచి చూపు తిప్పకుండా.

"మంచిగున్నదా?"

"ఔ అన్నా, మంచిగున్నది."

"నిజంగనేనా?" అన్నాడు.