ఆయన పిడికెడు

ఆ ఆదివారం పొద్దున తుఫాను గాలికి కోట బస్టాండు రేకులు దడదడ కొట్టుకుంటున్నాయి. బస్సులు వస్తాయో రావో చెప్పేవాళ్లు లేరు. పక్కన కూర్చున్నామె ఒళ్లోని బియ్యం సంచి తడవకుండా కొంగు కప్పి ఉంచింది.

"మందిరానికా అక్కా?" అన్నాను. మా క్రైస్తవుల ఇళ్లలో వంటకు ముందు మనిషికో పిడికెడు బియ్యం తీసి పక్కన పెడతాం. ఆదివారం మందిరంలో ఇస్తాం.

"అవునమ్మా. మా ఇద్దరివీ."

"అన్న రాలేదా?"

"సముద్రం మీద చేపల యేటకు పోయినాడు. పడవలన్నీ ఒడ్డుకొచ్చేసినాయి. మా ఇంటాయనది రాలా."

"వస్తాడని నమ్మకమేనా అక్కా?" అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

ఆమె సంచి మూతి ఇంకాస్త బిగించి కట్టింది. "ఏమో తల్లీ. రేపటి సంగతి ప్రభువుకే తెలుసు. మా ఇంటాయన పిడికెడు ఆపేస్తే మాత్రం, ప్రభువు కంటే ముందు నేనే తేల్చేసినట్టు గదా."

ఇంతలో ఆమె బస్సు వచ్చింది. వానలోనే ఎక్కి వెళ్లిపోయింది. ఆ పడవ ఒడ్డు చేరిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

మా ఆయన నెల్లూరు ఆసుపత్రిలో స్పృహ లేకుండా పడి ఉన్నాడప్పుడు. నా ఒక్కదానికే వండుకుంటున్నాను. పిడికెడూ ఒక్కటే తీస్తున్నాను. మర్నాడు పొద్దున బియ్యం డబ్బాలో రెండోసారి చెయ్యి పెట్టాను. పిడికిలి మూయడానికి చాలాసేపు పట్టింది.